కాలం చెల్లింది

మలపీకా రేవు, చేపల తూకపు గది.
తెల్లవారడానికింకా గంటన్నర.
నేల నిండా ఐసు పలుకులు, కానాగంతల నీచు.
తడవని చోటు చూసి లాప్‌టాప్ పెట్టుకున్నాను.
దాని డొక్కలోంచి బూడిద రంగు తీగ ఒకటి
గోడవార పాక్కుంటూ
ముప్పై ఎనిమిదేళ్ల కాటా దాకా పోతుంది.

సెకనుకి పన్నెండు వందల బిట్లు.
అంతకు మించి తొందరపడడం దానికెవరూ నేర్పలేదు.
ఒక్క అక్షరం పంపి "ఎంత?" అనడగాలి.
పళ్లెం ఊగడం మానేదాకా అది నోరు విప్పదు.
తర్వాత ఒక్కో అంకే కూడదీసుకుని
చివర ముగింపు గుర్తు పెట్టి పంపుతుంది,
కవరు నాలుకతో తడిపి అంటించినట్టు.

నేను దానికి అర సెకను ఇచ్చాను.
ఆఫీసులో, కొత్త మిషన్ల మధ్య,
అర సెకనంటే ధారాళం.

అర సెకను దాటితే తెర మీద పడే మాట కూడా నేనే రాశాను:
కాలం చెల్లింది.
కాటా గురించి కంపెనీ వాళ్లూ అదే మాటన్నారు.

మంగళవారం వాన.
'మూడు అక్కచెల్లెళ్లు' పడవ దించింది నూట పన్నెండు కిలోల కవళ్లు.
అడిగాను. కాలం చెల్లింది.
మళ్లీ అడిగాను. నూట పన్నెండు.
అమ్మయ్య అనుకున్నాను.

తర్వాత 'ఔరేలియా', పద్దెనిమిది కిలోల ఆక్టోపస్.
అడగడమే ఆలస్యం, జవాబొచ్చింది: నూట పన్నెండు.
రసీదు అచ్చయింది.
ఫ్రొయిలాన్ దాన్ని రెండుసార్లు చదువుకుని
టోపీ తీసి కాటా ముందు నడుం వంచాడు.
ఆ వెనక సబేలా, మూడు వందల కిలోల కానాగంతలతో.
ఆమెకి పద్దెనిమిది.
సబేలా టోపీ తీయలేదు.

అప్పటికి గాని నాకు తట్టలేదు.
విసిగి నేను మొహం తిప్పుకున్నాక వచ్చిన జవాబు
ఎక్కడికీ పోలేదు. గుమ్మంలోనే నిలబడి ఉంది.
రెండోసారి అడిగి తలుపు తీస్తే
లోపలికొచ్చింది మొదటి ప్రశ్న జవాబు,
రెండోదాని జవాబు వెళ్లి గుమ్మంలో నిలబడింది.
అబద్ధం ఒక్కటీ లేదు.
అన్నీ నిజాలే,
ఒక్కో పడవ వెనకబడ్డ నిజాలు.

ఒబ్దూలియా పెన్సిలు నాలిక్కి అద్దుకుని
మూడు రసీదులూ చేత్తో తిరగరాసింది.
ఇరవయ్యారేళ్లుగా ఈ కాటా దగ్గర ఆమే.
"వాన రోజు దానికి గొంతు పట్టేస్తుంది.
రెండు గుక్కల కాఫీ తాగేసి అప్పుడు చూస్తాను నేను."
ఆమెకి తెలియకుండా ఆ గుక్కలు కొలిచాను.
ఒక సెకను, తొంభై వంతులు.

ఆ రాత్రి మళ్లీ రాశాను.
మొదటి అంకె కోసం నాలుగు సెకన్లు.
నోరు విప్పాక మాత్రం
అంకెకీ అంకెకీ నడుమ సెకనులో అయిదో వంతు చాలు,
మాట మధ్యలో ఆగితే అది తెగిన మాటే.
ముగింపు గుర్తు కంటపడందే నమ్మకు.
ఒకసారి తప్పాక వెంటనే అడగకు,
అలికిడి పూర్తిగా అణిగాక గుమ్మం ఊడ్చి అప్పుడడుగు.
అయినా రాకపోతే
సున్నా వేయకు.
సున్నా కూడా ఒక తూకమే.
'తెలియదు' అని రాయి.

ఆ మాట రాస్తుంటే వేళ్లు మొరాయించాయి.
నా కోడులో ఆ మాట అంతకుముందెప్పుడూ లేదు.

శుక్రవారం పొగమంచు. ఫ్రొయిలాన్ పెట్టెలో
ఒక ఆక్టోపస్ ఇంకా బతికే ఉంది.
ఒక చెయ్యి అంచు మీదుగా వేలాడేసి
పళ్లేన్ని తడుముతోంది.
అడిగాను. నాలుగు సెకన్లు.
తెలియదు.
మళ్లీ. తెలియదు.
వరసలో ఎవరో ఈల వేశారు.
నా చెవులు వేడెక్కాయి.

ఒబ్దూలియా లేచి
తడి గోనె తెచ్చి పెట్టె మీద కప్పింది.
"ఉండండి," అంది. నాతోనో,
కాటాతోనో, గోనె కింది దానితోనో.

పడవల వాళ్లంతా ఊరుకున్నారు.
గోనె ఒకసారి లేచింది, తగ్గింది.
ఆమె కప్పు ఎత్తింది.

ఒక గుక్క.